మిషిగన్ చలికి ముందే, నీ మస్టాంగ్ టైర్ల గురించి

నోవై, సెప్టెంబరు 27

చిన్నా,

మొన్న రాత్రి మీ అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసింది. నీకు డియర్‌బోర్న్‌లో ఉద్యోగం ఖాయమైందనీ, నవంబరు మొదటివారంలో డాలస్ నుంచి నీ ఫోర్డ్ మస్టాంగ్ కారుని నువ్వే నడుపుకుంటూ వస్తున్నావనీ ఒక్క గుక్కలో చెప్పేసింది. ఎంత సంతోషమేసిందో రాయలేను. ఆర్లింగ్టన్‌లో చదువుకునేటప్పుడు సరుకుల సంచులు మోసుకుంటూ మైళ్ళకొద్దీ నడిచిన పిల్లాడివి. ఇవాళ సొంత జీతంతో నచ్చిన బండి కొనుక్కుని, నేనుండే ఊరి పక్కకే వస్తున్నావు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్న పక్కనే ఉండి కూడా ఫోన్ అందుకోలేదట. ఎందుకు అందుకోలేదో నాకు తెలుసు, నీకు తెలియదు. ఆ సంగతి కింద రాస్తాను.

ముందు అసలు విషయం. నీ బండి జీటీ, అందులోనూ పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ. కంపెనీ నుంచి వచ్చిన మిషలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైర్లే ఇంకా ఉన్నాయని మీ అమ్మ పంపిన ఫొటోలో పెద్దది చేసి చూసుకున్నాను. టెక్సస్ ఎండకి అంతకంటే మంచి టైర్లు లేవు. కానీ అవి సమ్మర్ టైర్లు నాన్నా. 7 డిగ్రీల సెల్సియస్, అంటే ఇక్కడి లెక్కలో 45 ఫారెన్‌హీట్ దగ్గర్నుంచే ఆ రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుంది. వేడి మీదున్న బెల్లప్పాకం ఎటు లాగితే అటు సాగుతుంది, ఆరాక పెళుక్కున విరుగుతుంది చూడు, ఆ రబ్బరు తత్వం కూడా అదే. 20 ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగినప్పుడు ఆ టైర్లతో బండిని కదపనే వద్దని తయారుచేసిన వాళ్ళే చెప్తారు. ట్రెడ్, అంటే నేలకి ఆనే గాడుల రబ్బరు, పగులుతుంది, వారంటీ కూడా వర్తించదు. మంచు పడితేనే ప్రమాదమని నువ్వు అనుకుంటూ ఉంటావు. మంచు అక్కర్లేదు. పొడిగా ఉన్న రోడ్డు మీద, ఎండ కాస్తున్న నవంబరు ఉదయం కూడా ఆ టైర్లు పట్టు తప్పుతాయి.

కాబట్టి నవంబరులో బయల్దేరడం మానుకో. అక్టోబరు మధ్యలోనే వచ్చెయ్. ఆఫీసు వాళ్ళు తేదీ మార్చకపోతే బండిని ట్రక్కు మీద పంపించి నువ్వు విమానంలో రా. డబ్బు తక్కువైతే నేనిస్తాను, మొహమాటపడకు. పన్నెండు వందల మైళ్ళ దారి. ఆర్కాన్సా వరకూ వెచ్చగానే ఉంటుంది, ఇండియానాలో తెల్లవారేసరికి నేల మీద తెల్లగా పేరుకుని ఉంటుంది. ఆ దారిలో ఆ టైర్ల మీద నువ్వొస్తున్నావంటే నేను రెండు రోజులు ముద్ద మింగలేను.

ఇక కొత్త టైర్లు. దుకాణంలో టైరు పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్, అంటే మడ్ అండ్ స్నో, అని రాసి ఉన్నది చూపించి, "ఇది మంచుకీ పనికొస్తుంది" అంటారు. ఆ అక్షరాలు ట్రెడ్ గాడుల ఆకారాన్ని చూసి వేసేవే, దానికోసం మంచులో పరీక్షేమీ పెట్టరు. నువ్వు చూడాల్సింది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు ఉన్న గుర్తు. 1999లో వచ్చిన గుర్తు అది. అణిగిన మంచు మీద బండి ముందుకి లాగే శక్తిని కొలిచాకే వేస్తారు. అయితే అందులోనూ అద్దంలా గడ్డకట్టిన ఐస్ మీద బ్రేకు పరీక్ష లేదు, మలుపు పరీక్ష లేదు. అందుకే ఆ గుర్తుతో వచ్చే ఆల్ సీజన్ టైరుకీ, చలికాలం కోసమే పుట్టిన టైరుకీ చాలా తేడా ఉంటుంది.

నీలాంటి బండికి వింటర్ టైర్లు రెండు రకాలు. ఒకటి పెర్ఫార్మెన్స్ వింటర్: మిషలిన్ పైలట్ ఆల్పిన్, పిరెల్లీ సొట్టోజీరో లాంటివి. ఉప్పు చల్లి శుభ్రం చేసిన చల్లటి రోడ్డు మీద స్టీరింగు చెప్పిన మాట చక్కగా వింటాయి. రెండోది మేకుల్లేని ఐస్ టైర్లు: బ్లిజాక్, ఎక్స్-ఐస్, నోకియన్ వాళ్ళ హక్కపెలీట్టా ఆర్ వరస. నోకియన్ వాళ్ళు 1934లోనే ఫిన్లాండులో ప్రపంచంలో మొదటి వింటర్ టైరు చేసిన మనుషులు. ఈ ఐస్ టైర్ల రబ్బరు బాగా మెత్తన, ట్రెడ్ నిండా సన్నటి కోతలు. బ్లిజాక్ రబ్బరులోనైతే కంటికి కనపడని రంధ్రాలుండి, ఐస్ మీద పేరుకునే పల్చటి నీటిపొరని పీల్చేస్తాయి. ఆ నీటిపొరే మనిషిని జార్చేది.

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్ళందరూ మొదటి రకమే కొనమంటారు. ఈ చుట్టుపక్కల రోడ్లకి ఉప్పు బాగానే వేస్తారు కాబట్టి వాళ్ళ మాటలో న్యాయముంది. అయినా నీకు నేను రెండో రకమే చెప్తాను. 15 ఫారెన్‌హీట్ కంటే చలి పెరిగితే మామూలు ఉప్పు సరిగ్గా పనిచేయదు. నీ షిఫ్టు పొద్దున్నే. నువ్వు బయల్దేరే వేళకి ఉప్పు లారీ నీ వీధిలోకి వచ్చి ఉండదు. ఫ్లైఓవర్ల కింద నుంచి కూడా గాలి కొడుతుంది, మిగతా రోడ్డుకంటే ముందు అవే గడ్డకడతాయి, నల్లటి తారు మీద ఆ ఐస్ కంటికి ఆనదు. మెత్తటి టైరుతో స్టీరింగు కొంచెం బద్ధకంగా తిరుగుతుంది, ఆ నాలుగైదు నెలలు ఓర్చుకో. వేగం రేటింగ్ తక్కువని దిగులు పడకు. హెచ్ అని ఉంటే గంటకి 210 కిలోమీటర్లు. మిషిగన్‌లో ఎక్కడా 75 మైళ్ళు, అంటే 120 కిలోమీటర్లు దాటి నడపడానికి చట్టం ఒప్పుకోదు.

ఎన్ని కొనాలి? నాలుగు. ఇక్కడే మీ నాన్న సంగతి చెప్పాలి.

1998లో వైటూకే, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా సరిచేసే పనుల మీద మీ నాన్న ఇక్కడికి వచ్చాడు. నేనప్పటికే ఇక్కడ ఉన్నాను. గుడివాడలో సైకిలు తొక్కిన మనిషి, రాగానే ఒక పాత కమారో కొన్నాడు, వీ8 ఇంజను, వెనక చక్రాలకి శక్తి, నీ మస్టాంగ్ లాగే. ఆ బండంటే ఎంత ప్రాణమో! ఆదివారాలు గుడ్డ పెట్టి తుడుస్తూ పాటలు పాడేవాడు. డిసెంబరులో నేను వింటర్ టైర్లు మార్చమన్నాను. టైర్ల దుకాణానికి వెళ్ళాడు. అక్కడున్న మనిషి, "నీది వెనక చక్రాల బండి, తోసేవి అవే, వెనక రెండూ మార్చుకుంటే చాలు" అన్నాడు. మీ నాన్నకి అది సబబుగానే తోచింది. ఇంజనీరు కదా, తోసే చక్రానికి పట్టు కావాలన్న లెక్క నచ్చింది. పైగా అప్పుడు ప్రతి డాలరూ ఇంటికి పంపాలి, మీ చిన్నత్త పెళ్ళి దగ్గర్లో ఉంది. రెండు టైర్ల డబ్బు మిగిలింది.

1999 జనవరి మొదట్లో పెద్ద తుఫాను వచ్చింది. డెట్రాయిట్ విమానాశ్రయంలో జనం గంటల తరబడి దిగే దారి లేక విమానాల్లోనే కూర్చుండిపోయారు. ఆ తర్వాతి వారం ఒక సాయంత్రం, మంచు తీసేసిన రోడ్డు మీద నేనూ మీ నాన్నా ఆఫీసు నుంచి వస్తున్నాం. ఆ బండి అంతవరకూ ఎక్కడా జారలేదు. సిగ్నల్ దగ్గర పక్క బండ్ల చక్రాలు గిర్రున తిరుగుతుంటే మాది చక్కగా కదిలిపోయేది. ఆ కదలడాన్ని చూసి మీ నాన్న నమ్మాడు చిన్నా. బండి బాగా కదులుతోంది కాబట్టి బాగా ఆగుతుందనీ, బాగా తిరుగుతుందనీ నమ్మాడు.

ఐ-275 నుంచి దిగే గుండ్రటి రాంప్ అది. వేగం మరీ ఎక్కువేమీ కాదు. స్టీరింగు కుడికి తిప్పాడు. బండి తిరగలేదు. ముక్కు నేరుగా వెళ్తూనే ఉంది. ఇంకా తిప్పాడు, ఇంకా జారింది. బ్రేకు తొక్కాడు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకి ఒరుగుతుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే, ఆ ముందు చక్రాలకున్నవి చలికి బిగుసుకుపోయిన పాత టైర్లు. పెడల్ గడగడలాడింది, బండి మాత్రం ఆగలేదు. వెనక రెండు కొత్త టైర్లూ మమ్మల్ని తిన్నగా ఇనప రెయిలింగు మీదికి తోసుకెళ్ళాయి. రెయిలింగు లేకపోతే కింద రోడ్డు మీద పడేవాళ్ళం. మీ నాన్నకి కాలర్ బోన్ విరిగింది. అంబులెన్సు వచ్చేలోపు ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "నేను తిప్పాను కదా, ఎందుకు తిరగలేదు?"

మీ అమ్మకి మెట్ల మీద జారిపడ్డానని చెప్పాడు. ఇంతవరకూ అదే మాట. నీకిప్పుడు చెప్పానంటే, నువ్వూ రేపు దుకాణంలో అదే మాట వింటావు కాబట్టి. ముందు రెండే మార్చినా నాశనమే, అప్పుడు మలుపులో తోక తిరిగి బండి గిరగిరా సుడి తిరుగుతుంది. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకేసారి. ఇందులో బేరం లేదు. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళకి అసలు వింటర్ టైర్లే అక్కర్లేదని ఆఫీసులో ఎవరైనా అంటే కూడా వినకు. నాలుగు చక్రాలూ తోస్తే కదలడం తేలిక, ఆగడానికి వేరే మంత్రమేమీ లేదు.

సైజు గురించి కూర్చుని లెక్క వేశాను. నీ బండికి ముందు 255/40 ఆర్19, వెనక 275/40 ఆర్19. మొదటి సంఖ్య టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. చలికాలానికి వెనక కూడా 255 చాలు. వెడల్పు టైరు మంచు మీద తేలుతుంది, సన్నది మంచుని కోసుకుని కిందికి దిగుతుంది. కుదిరితే 18 అంగుళాల రిమ్ముల మీద 255/45 వేద్దాం. మొత్తం ఎత్తు నీ ముందు టైరుతో సమానంగా వస్తుంది, పక్కగోడ మాత్రం 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫిబ్రవరిలో ఇక్కడి గుంటలు చూశాక ఆ 13 మిల్లీమీటర్ల విలువ నీకే తెలుస్తుంది. ఒక్క చిక్కు: నీ ముందు బ్రేకులు బ్రెంబో కంపెనీ ఆరు పిస్టన్ల రకం, 15 అంగుళాల డిస్కులు. ప్రతి 18 అంగుళాల రిమ్మూ వాటి మీద పట్టదు. తొడిగి చూసి, చేత్తో తిప్పి, తగలట్లేదని తేలాకే డబ్బివ్వు. పట్టకపోతే 19లోనే ఉందాం. మనక్కావాల్సిన సైజులో అన్ని రకాలూ దొరకవు కాబట్టి ఇప్పుడే వెతుకు, నవంబరులో అందరూ ఒకేసారి ఎగబడతారు.

రిమ్ములు వేరే సెట్టు కొనుక్కో, గాలి సెన్సర్లతో సహా. ప్రతి ఏడాదీ అవే రిమ్ముల మీద టైర్లు ఊడదీసి ఎక్కిస్తే అంచులు పాడవుతాయి. టైరు పక్కన డాట్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు చూడు, 3424 అంటే 2024లో 34వ వారంలో తయారైందని. పాత సరుకు అంటగడితే వద్దను. ప్రతి పది ఫారెన్‌హీట్ డిగ్రీల చలికీ టైరులో ఒక పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) గాలి ఒత్తిడి తగ్గుతుంది, నెలకోసారి చూసుకో. ట్రెడ్ లోతు అంగుళంలో 32వ వంతులు ఆరుకి తగ్గితే మంచుకి ఇక పనికిరాదు. ఐస్ గీకే బ్రష్షు, దుప్పటి, సగానికి తగ్గని పెట్రోలు, ఇవి నేను చెప్పక్కర్లేదు.

బండిలో స్నో/వెట్ మోడ్ ఉంది, వాడు. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్‌ని ఆపేశావంటే ఊరుకోను. మొదటి మంచు పడ్డ ఆదివారం ఖాళీ పార్కింగ్ స్థలానికి తీసుకెళ్తాను. ముక్కు జారినప్పుడు ఇంకా తిప్పకూడదు, యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగు కొంచెం వెనక్కి తెచ్చి, పట్టు దొరికేదాకా ఆగాలి. చదివితే రాదు ఇది, చేతులకి అలవాటు కావాలి. నేను పక్కన కూర్చుంటాను.

నాన్నని మాత్రం ఈ విషయం అడగొద్దు. టైర్లు వేయించాక నాలుగు చక్రాలూ కనపడేలా ఫొటోలు తీసి ఆయన ఫోనుకి పంపు. ఏమీ రాయక్కర్లేదు.

నీ సమ్మర్ టైర్లు అపార్ట్‌మెంట్ బాల్కనీలో పడేయకు, ఆ చలికి పగుళ్ళొస్తాయి. మా బేస్‌మెంటులో చోటు చేశాను. రాగానే మొదటి శనివారం బండి మా ఇంటికి తీసుకురా, చక్రాలు మార్చేద్దాం. నట్ల బిగువు కొలిచే టార్క్ రెంచి నా దగ్గరుంది, నీ నట్లకి 150 పౌండ్-ఫుట్ బిగువు కావాలి. వంద మైళ్ళు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగించి చూడాలి, కాబట్టి ఆ వారంలోనే రెండోసారి కూడా రావాలి. మీ అత్తయ్య గోంగూర పచ్చడి రెండుసార్లకీ సరిపడా చేసి పెడతానంది.

బయల్దేరే తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్. అక్టోబరు తేదీయే చెప్పాలి.

మామయ్య