చీటీ మీద టైమ్ లేదు

ప్రశ్న: "1876లో అమెరికా సైన్యానికీ లకోటా, షయాన్ తెగలకీ జరిగిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధం గురించి ఒక్కో సాక్షి ఒక్కో టైమ్ చెప్తాడు. ఎవర్ని నమ్మాలి?"

గంటలు చెప్పేటప్పుడు ఎవర్నీ నమ్మక్కర్లేదు. ఎవరికి ఎవరు ఎదురయ్యారో చెప్తే మాత్రం నమ్మాలి. నేను రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. ఒకే బండికి స్టేషన్ మాస్టర్ ఒక టైమ్ చెప్తాడు, గార్డు రఫ్ జర్నల్‌లో ఇంకోటి ఉంటుంది, డ్రైవర్‌ది మూడోది. ఎంక్వైరీలో గొడవ తేలేది రెండు బళ్లు క్రాసింగ్ అయిన చోటే. అక్కణ్ణుంచి ముందుకీ వెనక్కీ లెక్క కట్టుకుంటూ పోవచ్చు.

ఈ యుద్ధంలో అలాంటి క్రాసింగ్ ఒకటుంది. జూన్ 25 మధ్యాహ్నం, ఆ రోజే తన వెంట ఉన్న దళంతో సహా చనిపోయిన సైన్యాధికారి కస్టర్, తన ట్రంపెటర్ జాన్ మార్టిన్‌ని వెనక్కి పంపాడు. ఇటలీ నుంచి వచ్చినవాడు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని అడ్జుటెంట్ (ఆర్డర్లు రాసే అధికారి) కుక్, వెనక ఇంకో దళంతో ఉన్న బెన్‌టీన్‌కి చీటీ రాసిచ్చాడు: బెన్‌టీన్, వచ్చెయ్, పెద్ద ఊరు, త్వరగా రా, సామాను తీసుకురా. సామాను సంగతి కింద మళ్లీ రాశాడు. టైమ్ మాత్రం వెయ్యలేదు! తల్చుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. టైమూ ప్రైవేట్ నంబరూ (మెసేజ్ నిజమేనని రుజువుగా ఇచ్చే గుర్తు నంబరు) లేని మెసేజ్‌ని మా కంట్రోల్‌లో ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. ఆ ఒక్క అంకె ఉంటే ఇన్నేళ్ల వాదనలో సగం ఉండేది కాదు.

దారిలో మార్టిన్‌కి కస్టర్ తమ్ముడు బోస్టన్ ఎదురయ్యాడు. సామాను మోసే కంచరగాడిదల దగ్గర్నుంచి బయల్దేరి, బెన్‌టీన్ దళాన్ని దాటుకుని అన్న దగ్గరికి పోతున్నాడు. తర్వాత అతని శవం అన్న చనిపోయిన గుట్ట దగ్గరే దొరికింది. అంటే మార్టిన్ వచ్చేశాక కూడా కస్టర్ దగ్గరికి ఒంటరి మనిషి వెళ్లేంత దారి ఉంది. దూరాలు తెలుసు, గుర్రం నడకలో గంటకు నాలుగు మైళ్లు పోతుందనీ తెలుసు. ఇంక పెన్సిల్ తీసుకోవడమే. జాన్ గ్రే అనే ఫిజియాలజీ ప్రొఫెసర్ అచ్చంగా ఇలాంటి చార్టే గీశాడు, 1991లో అచ్చయింది.

వాచీల సంగతంటారా, అమెరికాకు రైల్వే స్టాండర్డ్ టైమ్ వచ్చిందే 1883 నవంబర్‌లో. అంతకుముందు ఊరికో టైమ్. మధ్యాహ్నం పన్నెండు చికాగోలో అయ్యాక లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర అవడానికి ఇంకో గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. సైన్యం వాచీలు చికాగో టైమ్ మీదే నడిచాయని వాదించేవాళ్లూ ఉన్నారు. ప్రయాణం టైములు రాసిన లెఫ్టినెంట్ వాలెస్ కూడా తన వాచీ అక్కడి లోకల్ టైమ్ చూపిందని ఈ యుద్ధం మీద 1879లో జరిగిన విచారణలో హామీ ఇవ్వలేదు. అయినా యూట్యూబ్‌లో నిమిషాలతో సహా చెప్పేస్తుంటారు.

అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు పట్టుబట్టి ఆ చోటు చూశాను. గడ్డి నేలంతా మడతలు మడతలుగా ఉంటుంది, ఎదుటి దిబ్బ వెనక ఏం జరుగుతోందో కనపడదు. కస్టర్ కింది అధికారి రీనో వేరే దళంతో నిలిచిన కొండ నుంచి కస్టర్ పడిన గుట్టకు నాలుగు మైళ్ల పైమాటే. అక్కడివాళ్లు ఇక్కడి సంగతి ఎలా చెప్తారు?

నాకు అన్నిటికంటే బాధ కర్లీ విషయంలో. కస్టర్ దళం వెంట ఉండి, చివరి ఘట్టానికి కాస్త ముందు ప్రాణాలతో బయటపడ్డ క్రో తెగ స్కౌట్ (సైన్యానికి దారి చూపే వేగు) అతను. దుబాసీలూ విలేఖరులూ తలో మాట కలిపి రాశారు, చివరికి అబద్ధాలకోరన్న పేరు అతనికొచ్చింది. అతను చెప్పిన వరుసను గ్రే దూరాలతో పోల్చి చూస్తే సరిపోయింది. లకోటా, షయాన్ యోధుల మాటల్నీ వాళ్ల దగ్గర వాచీల్లేవని పక్కన పెట్టారు. వాచీలున్నవాళ్లు మాత్రం ఏం సరిగ్గా చెప్పారు?