బ్లేజార్ల వెలుగు: అస్థిరతా, చంచలతా, హెచ్చుతగ్గులా?

సందేహం: నడుమ నుంచి దూసుకొచ్చే పదార్థపు ధార మనవైపు తిరిగి ఉన్న దూరపు గెలాక్సీల (బ్లేజర్ల) గురించి ఒక వ్యాసం రాస్తూ, ‘బ్లేజర్ల యొక్క ప్రకాశ అస్థిరత నిమిషాల స్థాయిలో గమనించబడింది, వాటి ఉద్గారం రేడియో నుండి గామా కిరణాల వరకు వ్యాపించి ఉంది’ అన్నాను. చదివిన మిత్రులు మూడు అభ్యంతరాలు చెప్పారు. ఉద్గారమంటే త్రేన్పు కనుక అది గ్రామ్యమట. అస్థిరత బదులు చంచలత గాని వైవిధ్యం గాని వాడాలట. బ్లేజర్ అంటే తొడుక్కొనే కోటు కనుక దానిని ‘జ్వలిని’ అని తెలుగు చేయాలట. వీటిలో ఏవి ఒప్పుకోదగినవి?

సమాధానం: మీ మిత్రుల మొదటి అభ్యంతరానికి ఆధారం లేకపోలేదు. మింగడమనే అర్థమున్న ‘గౄ’ ధాతువుకు ‘ఉద్’ అనే ఉపసర్గ చేరితే, మింగినదాన్ని పైకి తేవడమనే అర్థం వస్తుంది. త్రేన్పు, వాంతి, వెళ్లగ్రక్కడం అనే అర్థాలు నిఘంటువుల్లో ఉన్నవే. అయితే ఈ చర్చ కొత్తదేమీ కాదు. ఉమ్మివేయడం, ఉద్గీర్ణం, వాంతం వంటి మాటలు ముఖ్యార్థంలో వాడితే గ్రామ్యమనీ, గౌణార్థంలో వాడితే మిక్కిలి అందమనీ దండి తన కావ్యాదర్శంలో ఏనాడో తీర్పు చెప్పాడు. కాళిదాసు మేఘదూతంలో కిటికీల గుండా జారుకొనే మబ్బులు ‘ధూమోద్గారా’న్ని, అంటే పొగ వెలువడడాన్ని, అనుకరిస్తాయి. పొగకు పనికివచ్చిన మాట కాంతికి పనికిరాకపోదు. పైగా ఉద్గార రేఖ (వర్ణపటంలో మెరిసే గీత), ఉద్గార వర్ణపటం అనే మాటలు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడి చాలాకాలమైంది. కనుక ఉద్గారాన్ని నిస్సంకోచంగా వాడవచ్చు. ‘ఉద్ఘారం’ అని ఒత్తు పెట్టడం మాత్రం తప్పు. ఉద్ఘాటనంలోని ఘకారం పొరపాటున ఇందులోకి వచ్చి చేరుతోంది.

నిజానికి ఇక్కడ గ్రామ్యదోషం కంటె అర్థం కలగాపులగం కావడమే పెద్ద ప్రమాదం. ఉద్గారం, వికిరణం, పరిక్షేపణం అనే మూడింటిని ఒకదాని బదులొకటి వాడడం తరచుగా కనబడుతోంది. వెలువడడం ఉద్గారం, వెలువడి నలుదిక్కులా సాగే శక్తి వికిరణం, సాగుతున్న కిరణం మరొక కణాన్ని తాకి దారి మళ్లడం పరిక్షేపణం. బ్లేజార్ల విషయంలో ఈ తేడా ఎంతో అవసరం. రేడియో తరంగాలు మొదలుకొని గామా కిరణాల దాకా ఏ పౌనఃపున్యంలో ఎంత శక్తి వస్తున్నదో గీత గీసి చూస్తే, బ్లేజార్ వర్ణపటం రెండు మూపురాలతో కనబడుతుంది. దాదాపు కాంతివేగంతో పరుగెత్తే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ వెలువరించే సింక్రోట్రాన్ వికిరణం మొదటి మూపురానికి కారణం. రెండవ మూపురం ఎలా పుడుతుందన్న విషయంలో అందరూ ఏకాభిప్రాయానికి రాలేదు కాని, ఎక్కువమంది ఒప్పుకొనే వివరణ విలోమ కాంప్టన్ పరిక్షేపణం: అవే ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి గల ఫోటాన్లను ఢీకొని, తమ శక్తిని వాటికి పంచి, ఎక్స్ కిరణాలుగాను గామా కిరణాలుగాను మారుస్తాయి. మొత్తాన్ని కలిపి ‘బ్లేజార్ ఉద్గారం’ అనవచ్చును గాని, రెండవ మూపురం పుట్టుకను చెప్పే వాక్యంలో మాత్రం పరిక్షేపణమనే మాట రాకపోతే విషయం చెడుతుంది.

క్రియాపదాల దగ్గరకు వస్తే తెలుగుకున్న సంపద సంస్కృత సమాసాలకు లేదు. ‘వెదజల్లు’ అనే మాటలో ‘వెద’ అంటే విత్తడం. విత్తనాలను చేను నిండా చల్లినట్టు అన్నివైపులా పంచడం దాని భావం. ‘చిమ్ము’ అలా కాదు, అది ఒక దిక్కుకు గురిపెట్టినది. నక్షత్రం కాంతిని వెదజల్లుతుంది. క్రియాశీల గెలాక్సీ, అంటే కేంద్రం చురుగ్గా ఉన్న గెలాక్సీ, నడుమ కృష్ణబిలం చుట్టూ సుడి తిరుగుతూ వేడెక్కే పదార్థపు పళ్లెం కూడా వెదజల్లుతుందనే అనవచ్చు. కాని ఆ కృష్ణబిలం సమీపం నుంచి ఎదురెదురు దిక్కులకు దూసుకొచ్చే రెండు ధారలు మాత్రం చిమ్ముతాయి. ఆ ధారల్లో ఒకటి ఇంచుమించు మనవైపే గురిపెట్టి ఉన్న గెలాక్సీయే బ్లేజార్. అందువల్ల ‘బ్లేజార్ కాంతిని వెదజల్లుతుంది’ అనే వాక్యం వ్యాకరణానికి సరిపోయినా ఖగోళశాస్త్రానికి సరిపోదు. ‘జెట్’ అని రాస్తే పాఠకునికి విమానం తోచే అవకాశముంది కనుక ధార అనడమే నాకు నచ్చుతుంది. ఎం87 గెలాక్సీలో ఇటువంటి ధారను హీబర్ కర్టిస్ 1918లోనే గుర్తించి, దాన్ని వింతైన తిన్నని కిరణంగా వర్ణించాడు. అప్పటికి దాని స్వభావం ఎవరికీ తెలియదు.

ఇక అసలు సమస్య మీ ‘అస్థిరత’. ఇక్కడ మీ మిత్రులతో ఏకీభవిస్తాను గాని, వారు సూచించిన మాటలతో ఏకీభవించలేను. భౌతికశాస్త్రంలో అస్థిరత అనే మాటకు వేరే పని ఉంది. చిన్న కదలిక తనంతట తాను పెరిగి పెద్దదై వ్యవస్థ రూపాన్నే మార్చివేసే స్థితిని అలా అంటారు. పళ్లెంలోనో ధారలోనో అటువంటి అస్థిరత ఏర్పడడం వల్ల వెలుగు మారవచ్చు. అంటే అస్థిరత కారణమయ్యే అవకాశమున్నది. వెలుగు మారడం దాని కార్యం. కారణం పేరును కార్యానికి పెడితే, తరువాతి పేరాలో ‘అస్థిరతకు కారణం అస్థిరత’ అని రాయవలసి వస్తుంది. వైవిధ్యం ఇంతకంటె దూరపు మాట. ఒక బ్లేజార్‌కూ మరొక బ్లేజార్‌కూ ఉన్న భేదం వైవిధ్యమవుతుంది గాని, ఒకే బ్లేజార్ ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉండడం కాదు. చంచలతలో చపలత్వపు నింద ధ్వనిస్తుంది. మనసుకూ లక్ష్మికీ అది తగినదే, గెలాక్సీకి ఆ నింద ఎందుకు?

శాస్త్రపదమే కావాలంటే గణితంలో చరరాశి, ఖగోళంలో చరకాంతి తార అనే మాటలు ఉండనే ఉన్నాయి; వాటి వరసలో ‘చరత్వం’ అనుకోవచ్చు. దాన్ని శీర్షికకూ, నిర్వచనానికీ ఉంచుకొని, వాక్యాల్లో ‘హెచ్చుతగ్గులు’ అనడం నా సలహా. ఈ మాటలో మంచి సుగుణమొకటి ఉంది: హెచ్చు ఎంత, తగ్గు ఎంత, ఎన్నాళ్లకొకసారి అనే విషయాల్లో అది ఏ హామీ ఇవ్వదు. బ్లేజార్లకు కావలసింది అదే. వాటి మార్పులు చాలావరకు క్రమం లేనివి. ఓజే 287 అనే బ్లేజార్‌లో దాదాపు 12 ఏళ్లకొకసారి పెద్ద వెలుగు రావడం ప్రసిద్ధమే గాని, అటువంటి చోట ‘ఆవర్తనం’ అని విడిగా చెప్పాలి తప్ప హెచ్చుతగ్గులన్నిటికీ దాన్ని అంటగట్టకూడదు. ‘విస్తృతి’ని కూడా ఇక్కడ దూరంగానే ఉంచాలి. అది గణాంకశాస్త్రంలో, విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత (వేరియన్స్) పేరు; హెచ్చుతగ్గుల మోతాదును లెక్కకట్టడానికి ఖగోళవేత్తలకు ఆ అర్థంలోనే కావాలి.

ఇంకొక మాట గురించి మీరు అడగలేదు, అయినా చెప్పవలసి ఉంది. వెలుగు మారుతున్నది కదా అని కొందరు బ్లేజార్లు ‘మినుకుమినుకుమంటాయి’ అని రాస్తున్నారు. నక్షత్రాలు మినుకుమనడం వాటిలో జరిగేది కాదు. వాటి కాంతి మన వాతావరణం గుండా వచ్చేటప్పుడు గాలి పొరలు చేసే పని అది. బ్లేజార్ హెచ్చుతగ్గులు చాలావరకు దాని ధారలోనే పుడతాయి. అయితే భాషకూ శాస్త్రానికీ పొత్తు కుదిరే చోటొకటి ఇందులోనే ఉంది. దూరపు రేడియో మూలాలు కొన్ని గంటల వ్యవధిలోనే మారుతున్నట్టు కనబడినప్పుడు, కొన్ని సందర్భాల్లో ఆ మార్పు మూలంలోనిది కాదనీ, నక్షత్రాల మధ్యనున్న అయనీకృత వాయువు రేడియో తరంగాలను చెదరగొట్టడం వల్ల కలిగినదనీ తేలింది. దాన్ని మినుకు అనడం అక్షరాలా ఒప్పు. ఆకస్మికంగా పెరిగే వెలుగుకు ‘జ్వాల’ అనడం మాత్రం నాకు పూర్తిగా నచ్చదు. సౌరజ్వాల అనే మాట అలవాటైపోయింది గాని, బ్లేజార్‌లో నిప్పు లేదు, మండుట లేదు. ‘వెలుగు విజృంభణ’ అనండి, లేదా ‘వెలుగు ఒక్కసారిగా ఇన్ని రెట్లు పెరిగింది’ అని లెక్క చెప్పి ఊరుకోండి.

‘నిమిషాల స్థాయిలో’ అనే పదబంధం తెలుగు నుడికారం కాదన్న సంగతి అలా ఉంచితే, దాని వెనుకనున్న విషయం చాలా గొప్పది. దానిని అంత పొడిగా దాటవేయడం అన్యాయం. 2006 జులైలో పీకేఎస్ 2155-304 అనే బ్లేజార్ నుంచి వచ్చిన అత్యధిక శక్తి గామా కిరణాలు సుమారు 200 సెకన్ల వ్యవధిలోనే హెచ్చి తగ్గడాన్ని నమీబియాలోని హెస్ దూరదర్శినులు నమోదు చేశాయి. వెలుగునిచ్చే ప్రాంతం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కుమ్మడిగా మారాలంటే, కాంతి దాన్ని దాటడానికి పట్టే కాలం కంటె తక్కువ కాలంలో మారజాలదు. 200 సెకన్లలో కాంతి పోగలిగేది 6 కోట్ల కిలోమీటర్లు, అంటే భూమికీ సూర్యునికీ మధ్యనున్న దూరంలో సగం కూడా కాదు. నడుమనున్న కృష్ణబిలం బరువు 100 కోట్ల సూర్యులంత అనుకుంటే, దాని వ్యాసార్ధమే సుమారు 300 కోట్ల కిలోమీటర్లు; దాన్ని దాటడానికి కాంతికి రెండుముప్పావు గంటలు కావాలి. వెలుగునిచ్చే చోటు కృష్ణబిలం కంటె చిన్నదవుతుందా అనే ఈ చిక్కు విడేది ధార మనవైపు దాదాపు కాంతివేగంతో వస్తున్నదని ఒప్పుకొన్నప్పుడే. అలా వచ్చే మూలంలో జరిగే మార్పులు మనకు ఎన్నో రెట్లు కుదించుకుపోయి కనబడతాయి, వెలుగు ఎన్నో రెట్లు హెచ్చి కనబడుతుంది.

అందుచేతనే మీ వాక్యంలోని ‘ప్రకాశ’ శబ్దం ఉండదగినది, దాన్ని ‘దీప్తి’గా మార్చవద్దు. మూలం మొత్తంగా విడుదల చేసే శక్తి దీప్తి, మన కంటికో పరికరానికో అందేది ప్రకాశం. మామూలు నక్షత్రానికి దూరం తెలిస్తే ఒకదాని నుంచి మరొకటి సులువుగా లెక్కించవచ్చు. బ్లేజార్‌కు అలా లెక్కిస్తే దీప్తి అతిశయోక్తి అవుతుంది, ఎందుకంటే ధార మనవైపు తిరిగి ఉన్నందువల్ల పెరిగిన ప్రకాశాన్ని అన్ని దిక్కులకూ అంటగట్టినట్టవుతుంది. ఇదే కోవలో, త్రీసీ 279 వంటి మూలాల్లోని రేడియో ముద్దలు ‘కాంతికంటె వేగంగా కదులుతాయి’ అని రాసేవారు ‘కదులుతున్నట్టు కనబడతాయి’ అని సవరించుకోవాలి. 1971లో ఆ కదలికను పరికరాలు పట్టుకోకముందే, 1966లో మార్టిన్ రీస్ అటువంటి భ్రమ కలగవచ్చునని లెక్కకట్టి చెప్పాడు. ఆ వాక్యంలో ‘కనబడు’ను తీసేస్తే సాపేక్షతా సిద్ధాంతమే కూలిపోతుంది.

బ్లేజార్ పేరు సంగతికి వద్దాం. 1929లో కూనో హాఫ్‌మైస్టర్ బల్లి రాశిలో ఒక చరకాంతి తారను గుర్తించగా, దానికి బీఎల్ లాసెర్టే అనే పేరు వచ్చింది. 1968లో అది ఒక రేడియో మూలమని తేలాక, తార కాదనీ, దూరపు గెలాక్సీ కేంద్రమనీ క్రమంగా అర్థమయింది. దాని వర్ణపటంలో ఉద్గార రేఖలు అంత తేలికగా కనబడవు. నక్షత్రాల్లా కనబడే, మిక్కిలి వెలుగైన దూరపు గెలాక్సీ కేంద్రాలైన క్వేజార్లలో అవి స్పష్టంగా ఉంటాయి. మార్టెన్ ష్మిట్ 1963లో త్రీసీ 273 దూరాన్ని కనిపెట్టగలిగింది ఆ రేఖల జరుగుబాటు వల్లనే. బీఎల్ లాసెర్టే వంటివి, క్వేజార్లు అనే ఈ రెండు జాతుల్లోనూ ధార మనవైపున్నవాటిని కలిపి పిలవడానికి, 1978లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన సదస్సు విందులో ఎడ్వర్డ్ స్పీగెల్ కొంత సరదాగా ఈ పేరు పెట్టాడు. బీఎల్ లాసెర్టేలోని మొదలు, క్వేజార్‌లోని చివర కలిశాయి. ఆంగ్లంలో భగ్గుమనడమనే శ్లేష అదనంగా దక్కింది. ‘జ్వలిని’ అంటే ఆ శ్లేష ఒక్కటే మిగిలి వంశవృక్షం పోతుంది, పైగా మళ్లీ నిప్పు వస్తుంది. ఈ మాటను తెలుగు చేయనక్కరలేదు. కోటు బెడద తీరాలంటే అక్షరం సరిచేసుకుంటే చాలు: కోటు బ్లేజర్, గెలాక్సీ బ్లేజార్. పల్సార్, క్వేజార్ మాటల్లో దీర్ఘం నిలిచినట్టే ఇందులోనూ నిలవాలి. బహువచనం బ్లేజార్లు, ఉకారాంతంగా బ్లేజారు అన్నా తప్పు లేదు.

గెలాక్సీ బదులు పాలపుంత అని మాత్రం రాయకండి. అది మనం ఉన్న గెలాక్సీకి సొంత పేరు, దాని నడుమనున్న సుమారు 40 లక్షల సూర్యుల బరువైన కృష్ణబిలం ఇప్పుడు చాలావరకు నిద్రాణంగా ఉంది. ‘చురుకైన పాలపుంతలు’ అంటే అందుకే రెండు తప్పులు. చురుకు మొత్తం గెలాక్సీది కాదు, కేంద్రానిది. కనుక మొదటిసారి ‘క్రియాశీల కేంద్రం గల గెలాక్సీలు’ అని విప్పి చెప్పి, ఆ తరువాత క్రియాశీల గెలాక్సీలు అని కుదించుకోవచ్చు.

మీ వాక్యంలో ‘యొక్క’ అనవసరం. ‘బ్లేజార్ల’ అనే షష్ఠీ రూపమే దాని పని చేస్తున్నది. ‘గమనించబడింది’ వ్యాకరణానికి ఒప్పినా చెవికి ఒప్పదు. నేనైతే ఇలా రాస్తాను: ‘బ్లేజార్ల ప్రకాశం కొన్ని నిమిషాల్లోనే హెచ్చి తగ్గడాన్ని ఖగోళవేత్తలు గమనించారు. వాటి ధారలు రేడియో తరంగాలు మొదలుకొని గామా కిరణాల దాకా అన్నిటినీ చిమ్ముతాయి.’ రెండవ వాక్యంలో ఉద్గారం లేకుండానే పని జరిగింది. ఉద్గార రేఖల ప్రస్తావన వచ్చే పేరాకు ఆ మాటను దాచుకోండి.