తెలుగు చేసిన సాఫ్ట్‌వేర్‌కు సర్కారు ముద్ర పడేదెలా?

ప్రశ్న: పర్లాకిమిడిలో డీటీపీ షాపు నడుపుతున్నాను. రాత్రి షట్టర్ దించాక గ్నోమ్ (విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో కనబడే డెస్క్‌టాప్), లిబ్రెఆఫీస్ (ఉత్తరాలు, లెక్కలు చేసుకునేది) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల మెనూలు తెలుగు చేస్తుంటాను. మా దగ్గరి తెలుగు మీడియం బడిలో పెట్టించమని ఒక ఆఫీసుకు వెళ్తే, "ఇది ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ కాదు, మీ సంస్థ రిజిస్ట్రేషన్ ఏది?" అన్నారు. ఆంధ్రా వైపు అడిగితే "మీరు ఒడిశా వాళ్లు కదా" అన్నారు. గుర్తింపు వచ్చే దారేమైనా ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: ఉంది గానీ, మీరు తట్టిన తలుపు వేరు. సర్కారుకు టెండరు తెలుసు, బిల్లు తెలుసు, స్టాంపు తెలుసు. ఊరికే చేసిపెట్టిన పనిని ఏ రిజిస్టర్లో ఎక్కించాలో గుమస్తాకు తెలీదు. అతణ్ణి తిట్టుకుని లాభం లేదు. స్టాంపు ఉన్న మనిషిని ముందు పెట్టండి. మీ ఊళ్లో ఆ మనిషి బడి హెడ్మాస్టరు. అర్జీ ఆయన లెటర్‌హెడ్ మీద, తల్లిదండ్రుల సంతకాలతో వెళ్లాలి. మీరు పక్కన నిలబడండి చాలు.

అర్జీలో ఏం రాయాలి? 2015లో కేంద్రం తెచ్చిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) విధానం కాపీ జేబులో పెట్టుకుని వెళ్లే వాళ్లను చాలామందిని చూశాను. అందులో ఒక మెలిక ఉంది: అది కేంద్ర సంస్థలకు, ఒప్పుకున్న రాష్ట్రాలకే వర్తిస్తుంది. జిల్లా ఆఫీసులో అది ఊపితే "మాకు కాదండీ" అని తిప్పి పంపేస్తారు. దానికంటే 350-ఎ అధికరణం గట్టిది. భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని 1956 నుంచీ రాజ్యాంగంలోనే ఉంది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చింది, పిల్లల తెలుగు మాత్రం ఎటూ పోలేదు. తెలుగు మీడియం పిల్లాడి ముందు ఇంగ్లీషు మెనూ ఎందుకు పెట్టారని అడగండి.

ఇక "ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ కాదు" అన్న మాట. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చేసిన బాస్ లినక్స్ సర్కారుదే. దాన్ని వాలంటీర్లు నడిపే డెబియన్ అనే లినక్స్ మీద కట్టారు, గ్నోమ్ డెస్క్‌టాప్‌తోనూ ఇచ్చారు. మీలాంటి వాళ్లు గ్నోమ్‌లో చేసిన తెలుగు అందులోకీ వెళ్తుంది. ఈ ముక్క అర్జీలో తప్పకుండా పెట్టండి.

మీ పేరుకు విడిగా సర్టిఫికెట్ అడగొద్దు, నా మాట వినండి. గ్నోమ్ అనువాద ఫైళ్లలో 'ట్రాన్స్‌లేటర్-క్రెడిట్స్' అనే వరుస ఉంటుంది. అక్కడ పేరు రాస్తే ప్రోగ్రాం 'గురించి' (అబౌట్) కిటికీలో కనబడుతుంది. మనవాళ్లు మొహమాటానికి దాన్ని ఖాళీగా వదిలేస్తారు, ఎందుకో మరి! నింపండి, స్క్రీన్‌షాట్ తీసి జోడించండి. గ్నోమ్ లెక్కలో 80 శాతం వాక్యాలు పూర్తయితేనే ఆ భాషకు మద్దతు ఉన్నట్టు. కాబట్టి "చాలావరకు అయింది" అని కాకుండా శాతం అంకెల్లో రాయండి.

కేరళ బడుల్లో గ్నూ/లినక్స్ నడుస్తోంది. కంప్యూటర్‌ను మలయాళంలోకి తెచ్చే స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాలంటీర్ల పని అలా పిల్లల చేతికి చేరింది. వాడేవాళ్లు ఉన్నారు కాబట్టే అక్కడ ఆఫీసులు వాళ్ల మాట విన్నాయని నా లెక్క. ముందు ఆ బడిలో ఒక్క కంప్యూటర్లో పెట్టించండి, అయిదో తరగతి పిల్లలతో ఒక ఉత్తరం టైపు చేయించండి.

అర్జీ ఒడియాలోనూ రాయించండి, లేకపోతే అది టేబుల్ దాటదు. మీ కాపీ మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే దాని మీద ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు కింద అడగండి. వాళ్లకు గడువు 30 రోజులు.