రాత్రి లేవవలసింది ఎవరు?

ఏడు నెలల మనవరాలు రాత్రికి నాలుగైదు సార్లు లేచి ఏడుస్తోందనీ, కోడలు ప్రతి కదలికకూ ఎత్తుకుని పాలిచ్చి ఆ అలవాటు చేసిందనీ, ఈ మధ్య ఆమె మీ అబ్బాయిని కూడా లేపి పాపను భుజాన వేసుకుని తిరగమంటోందనీ, పొద్దున్నే ఉద్యోగానికి వెళ్ళవలసిన మనిషికి ఇదేమి శిక్ష అనీ రాశారు. కోడలు నొచ్చుకోకుండా ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలన్నది మీ ప్రశ్న. చెప్పవద్దు. ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు అంతే.

మీ ఉత్తరంలో పాపకు దక్కిన చోటు చాలా తక్కువ కాబట్టి ముందు పాప సంగతి చూద్దాము. పెద్దవాళ్ళకు గాఢనిద్ర, కలత నిద్ర కలిసి ఒక విడత పూర్తి కావడానికి సుమారు 90 నిమిషాలు పడితే, పసిపిల్లలకు అది 50, 60 నిమిషాలలోనే ముగిసిపోతుంది. ప్రతి విడత చివరా నిద్ర పలచబడుతుంది. మనమూ రాత్రి అలా ఎన్నోసార్లు మెలకువ అంచుకు వచ్చి, పక్కకు ఒత్తిగిలి పడుకుని, తెల్లవారేసరికి ఆ సంగతే మరిచిపోతాము. తనంతట తాను మళ్ళీ నిద్రలోకి జారుకోవడం పాపకు ఇంకా చేతకాదు. పైగా, తల్లి కంటికి కనబడకపోతే బెంబేలు పడే వయసు ఇప్పుడే మొదలవుతుంది. ఇదంతా ఎదుగుదలలో భాగమే కాబట్టి, అలవాటు చేసిందన్న నేరం మీ కోడలి మీద నిలవదు. మీ పిల్లలు ఆ వయసులో తెల్లవార్లూ పడుకునేవారని రాశారు. ఇన్నేళ్ళ తరువాత గుర్తుండేవి పిల్లలు పడుకున్న రాత్రులే.

మీరు అన్నదానిలో ఒక మాట మాత్రం నిజం: ప్రతి కదలికకూ పాపను ఎత్తుకోనవసరం లేదు. పిల్లలు నిద్రలోనే మూలుగుతారు, కాళ్ళు తన్నుకుంటారు, ఒక్క క్షణం ఏడ్చి ఊరుకుంటారు. అది నిజమైన ఏడుపో కాదో తేలేవరకు ఒకటి రెండు నిమిషాలు ఆగవచ్చు. రోజూ ఒకే వేళకు దీపాలు తగ్గించి, ఒకే వరుసలో పాలు, స్నానం, జోల సాగించి, కళ్ళు మూతలు పడుతుండగా ఇంకా మెలకువ ఉన్నప్పుడే పక్క మీద పడుకోబెడితే, కొన్ని వారాలలో కొంత తేడా కనిపించవచ్చు. ఎవరో చెప్పారన్న దగ్గు మందు చుక్కల ఆలోచన మాత్రం ఈ క్షణమే మానుకోండి. మత్తు కలిగించే మందులు ఈ వయసు పిల్లల ఊపిరినే మందగింపజేయగలవు. పాల సీసాలో చిక్కటి ఆహారం కలిపితే తెల్లవార్లూ పడుకుంటుందన్న మాట కూడా నమ్మదగినది కాదు. దానివల్ల పొలమారే ప్రమాదం ఉంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. "మా ఆయన ఒక్క రాత్రి కూడా లేవలేదు, అయినా నేను ముగ్గురిని పెంచలేదా?" అని రాశారు. పెంచారు, నిజమే. కాని ఆ మాటలో గర్వం ఎంత ఉందో, బాధా అంతే ఉంది. ఆ రోజులలో ఎవరైనా ఒక గంట పాపను అందుకుని ఉంటే మీరు కాదనేవారా? మీకు దక్కనిది మరొక స్త్రీకి దక్కుతుంటే మనసు చివుక్కుమనడం సహజమే. ఆ చివుక్కుమనడాన్ని కొడుకు ఆరోగ్యం మీద దిగులుగా మార్చి చూపడం మాత్రం సరికాదు.

అసలు చిక్కు మీకూ కోడలికీ మధ్య లేదు, మీకూ మీ అబ్బాయికీ మధ్య ఉంది. అతని కళ్ళ కింద నల్లని చారల గురించి, అతను ఆఫీసులో ఆవులించడం గురించి, చిన్నప్పుడు అతనికి నిద్ర చెడితే మీరు ఎంత విలవిలలాడేవారో దాని గురించి, మీరు రాసినంత వివరంగా మరి దేని గురించీ రాయలేదు. అతని నిద్రకు కాపలా కాయడం ఒకప్పుడు మీ పని. ఇప్పుడు అతను ఒక బిడ్డకు తండ్రి, ఆ బిడ్డ కోసం లేవడం అతని విధి. అతను ఇంటి పనిలో భార్యకు సాయం చేస్తున్నాడని మీరు రెండు చోట్ల రాశారు. సొంత బిడ్డను ఎత్తుకోవడం సాయమెలా అవుతుంది? అన్నట్టు, అతను తనకు కష్టంగా ఉందని మీతో ఒక్కసారి కూడా అన్నట్టు ఉత్తరంలో లేదు.

కోడలి గురించి ఫిర్యాదుగా రాసిన ఒక సంగతిని నేను ఫిర్యాదుగా చదవలేకపోయాను. పాప పడుకున్నా తాను పడుకోదనీ, గోడకేసి చూస్తూ కూర్చుంటుందనీ, ఏమైనా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనీ అన్నారు. కాన్పయిన తరువాత మొదటి రెండు వారాలలో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందిలో ఉండి, దానంతట అదే తగ్గిపోతుంది. ఏడో నెలలో ఇలా ఉంటే దానిని తేలికగా తీసుకోకూడదు. కొత్త తల్లులలో కుంగుబాటును గుర్తించడానికి 1987లో వెలువడిన ఎడిన్‌బరో స్కేలు అనే 10 ప్రశ్నల పట్టిక ఉంది. దిగులు వల్ల నిద్ర పట్టకపోవడం గురించి ఒక ప్రశ్న, ఏడుపు రావడం గురించి మరొక ప్రశ్న అందులో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, కొత్తగా తల్లులైనవారిలో సుమారు 13 శాతం మంది మానసిక సమస్యకు, ముఖ్యంగా కుంగుబాటుకు, లోనవుతారు. ఆమెను ఈ వారమే వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళమని మీ అబ్బాయికి చెప్పండి. తనకో బిడ్డకో హాని చేసుకునే మాట ఆమె నోట వస్తే వారం కూడా ఆగవద్దు.

ఈలోగా రాత్రిని పంచుకోండి. తొమ్మిదింటికి పాలిచ్చి కోడలు వేరే గదిలో పడుకోవాలి. రెండు గంటల వరకు పాప బాధ్యత మీ అబ్బాయిది, మధ్యలో ఆకలేస్తే ముందే పిండి ఉంచిన పాలు అతనే పడతాడు. ఆమెకు నాలుగైదు గంటల నిద్ర తెగకుండా దొరకాలి. అతను కునికిపాట్లు పడుతూ సోఫాలో పాపను గుండెల మీద పెట్టుకుని నిద్రపోకూడదు. గట్టి పరుపు మీద, దిండ్లూ దుప్పట్లూ లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఎలాగూ మీకు తెల్లవారుజామునే మెలకువ వస్తుందన్నారు కాబట్టి, అయిదింటికి పాపను మీరు అందుకోండి. ఆ రెండు మూడు గంటలు అబ్బాయీ కోడలూ ఇద్దరూ పడుకుంటారు.

పాప బరువు పెరగకపోయినా, నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగినట్టనిపించినా, జ్వరం ఉన్నా, మూత్రం తగ్గినా పిల్లల వైద్యునికి చూపించండి.

తెల్లవారుజామున పాపను మీరు తీసుకుంటారన్న మాట కోడలికి మీరే చెప్పండి, అబ్బాయి చేత చెప్పించవద్దు. ఆ మాట వెనుక సలహా ఏదీ జోడించకండి.