రెండు తిమింగలాలతో జాతి నిలబడుతుందా?

1986 నవంబరులో విడుదలైన ‘స్టార్ ట్రెక్ 4: ద వాయేజ్ హోమ్’ సినిమా మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. దర్శకుడు లియొనార్డ్ నిమోయ్. కథ తెలియనివారికి రెండు ముక్కల్లో: 23వ శతాబ్దంలో ఎక్కడినుంచో వచ్చిన ఒక నౌక భూమి మీది సముద్రాలను ఆవిరి చేస్తూ ఒక పిలుపు పంపుతుంటుంది. ఆ పిలుపు హంప్‌బ్యాక్ తిమింగలాల పాట. జవాబు చెప్పగల ఆ జాతి అప్పటికే అంతరించింది. కథానాయకుడు కర్క్ బృందం కాలంలో వెనక్కు, 1986 నాటి శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్లి జార్జ్, గ్రేసీ అనే రెండు తిమింగలాలను తమ అంతరిక్ష నౌకలోకి ఎక్కించుకొస్తుంది.

ప్రశ్న: సినిమాలో కనిపించేవి నిజమైన తిమింగలాలేనా?

చాలావరకు బొమ్మలే. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ కోసం వాల్ట్ కాంటీ బృందం నాలుగడుగుల మరబొమ్మలు చేసింది. వాటిని కాలిఫోర్నియాలో ఒక హైస్కూల్ ఈతకొలనులో వదిలి తీశారు. కొలను నీళ్లు మరీ తేటగా ఉంటాయి. అలాంటి నీళ్లలో బొమ్మ దూరం జరిగినా అంచులు చెక్కుచెదరక కనబడి, అది చిన్నదని పట్టించేస్తాయి. అందుకని డయాటమ్ మట్టి (సూక్ష్మమైన నాచు గుల్లల మట్టి) పొడి కలిపి నీటికి మసక తెచ్చారు. దాంతో బొమ్మలు నడిపేవాళ్లకే అవి సరిగా కనబడక, వీడియో కెమెరాలు పట్టుకున్న డైవర్ల సాయం కావలసి వచ్చింది.

నీటిపైకి వచ్చే దగ్గరి దృశ్యాలకు నిలువెత్తు కొలతలో చేసిన భాగాలు వాడారు. ఎందుకంటే బొమ్మను ఎంతకైనా తగ్గించవచ్చు గాని నీటి బొట్టును తగ్గించలేం. చిన్న తోక లేపిన చుక్కలు తెర మీద గుమ్మడికాయలంత కనిపిస్తాయి. చివర్లో నీళ్లలోంచి పైకెగిరే షాట్లు కొన్ని మాత్రం అసలు తిమింగలాలవి. ఈ సినిమాలో అన్నిటికన్నా మెచ్చుకోవలసిన పనితనం ఇదేనని మా అభిప్రాయం.

ప్రశ్న: తిమింగలాలను నౌకలో మోసే ట్యాంకు 60 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, అందులో 18,000 ఘనపుటడుగుల నీరు. దీనికి ఆరంగుళాల ప్లెక్సీగ్లాస్ కావాలని ఫ్యాక్టరీ యజమాని అంటే, ‘పారదర్శక అల్యూమినియం’ ఒక్క అంగుళం చాలంటాడు ఇంజనీర్ స్కాటీ. ఈ లెక్క నిలుస్తుందా?

ఆశ్చర్యం కలిగేంత దగ్గరగా నిలుస్తుంది. ముందు ఒక సవరణ. గోడ మీద పడే ఒత్తిడికి నీటి లోతుతోనే లెక్క, మొత్తం నీరు ఎంతన్నది దానికి అనవసరం. పదడుగుల లోతుకు ట్యాంకు అడుగున చదరపు మీటరుకు సుమారు 3.1 టన్నుల ఒత్తిడి ఉంటుంది. పైన సున్నా కాబట్టి సగటు 1.56. గోడ వైశాల్యం సుమారు 56 చదరపు మీటర్లు. అంటే గోడను తోసే బలం దాదాపు 87 టన్నులు. 18,000 ఘనపుటడుగులన్నది నౌక మోయవలసిన బరువుకు పనికొస్తుంది. అది 510 ఘనపు మీటర్లు, సముద్రపు నీటి లెక్కన 520 టన్నుల పైచిలుకు.

ఇక పదార్థం. అల్యూమినియం ఆక్సీనైట్రైడ్ అనే పారదర్శక పింగాణీ ఇప్పుడు నిజంగానే ఉంది. పొడిని అచ్చులో నొక్కి, సుమారు 2,000 డిగ్రీల దగ్గర కాల్చి, మెరుగు పెడతారు. వంగకుండా నిలిచే గుణంలో అది యాక్రిలిక్‌కు (ప్లెక్సీగ్లాస్ అంటే అదే) దాదాపు 100 రెట్లు. పలక వంపు దాని మందం ఘనానికి విలోమంగా మారుతుంది. 100కి ఘనమూలం 4.64. ఆరంగుళాలను దాంతో భాగిస్తే 1.3 అంగుళాలు. స్కాటీ చెప్పింది ఒకటి!

చిక్కు వేరేచోట ఉంది. ఇది పెళుసు. యాక్రిలిక్ ముందుగా సన్నని వెంట్రుక పగుళ్లు చూపి హెచ్చరిస్తుంది, పింగాణీ ఒక్కసారిగా బద్దలవుతుంది. పైగా 60 అడుగుల పలకను ఏకండీగా కాల్చే కొలిమి లేదు. చిన్న పలకలను ఉక్కు చట్రంలో బిగించాలి. బోల్టు నేరుగా పలకకు తగిలితే ఆ మూల నుంచే పగులు మొదలవుతుంది కనుక చుట్టూ సిలికోన్ పట్టీ ఉండాలి. నౌక రెండింతల గురుత్వ బలంతో పైకి లేస్తే ఒత్తిడీ రెండింతలవుతుంది, కాబట్టి మందం ఆ లెక్కన పెంచాలి. ట్యాంకు సగం నింపడం అన్నిటికన్నా ప్రమాదం. వందల టన్నుల నీరు ఒక్కవైపుకు ఉరికితే నౌక అదుపు తప్పుతుంది. నిండా నింపి, తిమింగలం ఊపిరి తీసుకునేందుకు పైన కాస్త గాలి వదిలి, ఆ జాగాలో అడ్డుపలకలు పెట్టాలి.

చోటు మాత్రం ఇరుకే. ఆ కొలతల ప్రకారం ట్యాంకు వెడల్పు 30 అడుగులు. పెద్ద హంప్‌బ్యాక్ పొడవు 50 అడుగుల దాకా ఉంటుంది, ఒక్కో ఈత రెక్క ఒంటి పొడవులో మూడో వంతు. రెండూ రెక్కలు ముడుచుకుని పక్కపక్కన ఒదిగి ఉండవలసిందే.

ప్రశ్న: ఆ నౌక పిలుపు తిమింగలం పాటని కనుక్కునే ఘట్టంలో సైన్స్ ఎంత?

కర్క్ ఆ శబ్దాన్ని నీటి సాంద్రత, ఉష్ణోగ్రత, లవణీయత ప్రకారం సవరించమంటాడు. సరిగ్గా అడగవలసినవే అడిగాడు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ఆ వేగం మూడు నాలుగు మీటర్లు పెరుగుతుంది, వెయ్యికి ఒక పాలు ఉప్పు ఎక్కువైతే 1.3 మీటర్లు. గాలిలో విన్నదాన్ని నీటిలో విన్నట్టు మార్చాలంటే ఈ లెక్కలు తప్పవు.

జార్జ్ తల కిందికి పెట్టి నిలువుగా వేలాడుతూ పాడటం కూడా కల్పన కాదు. పాడే హంప్‌బ్యాక్‌లు మగవి, తరచూ ఉండే భంగిమ అదే. శబ్దంతో తిమింగలాన్ని పిలవడం కూడా అక్కడే జరిగింది. 1985 అక్టోబరులో హంఫ్రీ అని పేరుపడ్డ హంప్‌బ్యాక్ దారితప్పి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోంచి శాక్రమెంటో నదిలోకి పోయింది. తోటి తిమింగలాలు మేత మేసేటప్పుడు చేసే శబ్దాల రికార్డింగును ఒక పడవ నుంచి నీటిలో వినిపిస్తే, ఆ పడవ వెంట తిరిగి సముద్రం వైపు వచ్చింది.

ప్రశ్న: నౌకలోని డాక్టరు మెకాయ్ కానుకగా ఇచ్చిన పాత కళ్లజోడును కర్క్ 1986లో వంద డాలర్లకు అమ్మి, ‘ఇది మళ్లీ నాకు కానుకగా వస్తుంది’ అంటాడు. అలాగైతే దాన్ని తయారుచేసిందెవరు?

దుకాణదారు మాటలోనే జవాబుంది. అది 18వ శతాబ్దపు అమెరికన్ కళ్లజోడని అతను గుర్తుపడతాడు. కాబట్టి దాన్ని చేసిన కంసాలి ఒకడున్నాడు. 1986లో ఆ జోడు ఎక్కడో అప్పటికే ఉంది. కర్క్ తెచ్చింది అదే జోడు, మరో 300 ఏళ్లు పాతబడ్డది. అంటే ఆ ఏడాది లోకంలో రెండున్నాయి. మెకాయ్‌కి మున్ముందు దొరికేది మొదటిది. కర్క్ అమ్మింది అదనపుది. ఇలా చూస్తే మెలిక విడిపోతుంది. అమ్మిందే తిరిగి కానుకగా వస్తుందంటే మాత్రం ప్రతి చుట్టుకూ 300 ఏళ్ల అరుగుదల పెరుగుతూ పోవాలి, అది కుదరదు.

ఇక సినిమాలో నౌక సూర్యుడి చుట్టూ వేగంగా తిరిగి గతంలోకి వెళుతుంది గాని, నిజానికి అలా తిరిగితే కాలం వెనక్కు పోదు. వేగంగా పోయేవారి గడియారం నెమ్మదిస్తుంది, అంతే.

ప్రశ్న: ఒక మగ, ఒక ఆడ. గ్రేసీ కడుపుతో ఉంది. జాతి తిరిగి లేస్తుందా?

ఇది సినిమాలో బలహీనమైన చోటు. జన్యు వైవిధ్యంలో ఒక తరానికి పోయే వంతు 1/(2N), ఇక్కడ N అంటే సంతతినిచ్చే జంతువుల సంఖ్య. రెండే ఉంటే తొలి అడుగులోనే పాతిక శాతం పోతుంది. పుట్టే పిల్ల జార్జ్ బిడ్డే కాబట్టి కొత్త జన్యువులు తేదు. తర్వాత అన్నాచెల్లెళ్ల మధ్యే జత కట్టాలి. హంప్‌బ్యాక్ ఈడుకు రావడానికి అయిదు నుంచి పదేళ్లు, ఈనడం రెండు మూడేళ్లకోసారి, ఒక్కోసారి ఒక్క పిల్ల. పాట కూడా ఇతరులను విని నేర్చుకునేదే, ఇక్కడ గురువు జార్జ్ ఒక్కడే.

అసాధ్యమని మాత్రం అనలేం. న్యూజీలాండ్‌కు చెందిన ఛాతమ్ దీవుల నల్ల రాబిన్ పక్షులు 1980లో అయిదే మిగిలాయి. సంతతి అంతా ఒకే ఆడపక్షి నుంచి లేచింది, ఇప్పుడవి వందల్లో ఉన్నాయి.

కర్క్ బృందం చేయవలసిన పని ఇంకొకటుంది. జాతిని కాపాడేవాళ్లు ప్రత్యేకమైన బాణంతో తిమింగలం వీపు నుంచి వేలెడు లోపు చర్మపు ముక్క తీస్తారు. దాన్ని పోషక ద్రావణంలో చల్లగా ఉంచి ల్యాబుకు చేర్చి, కణాలు పెంచుతారు. తర్వాత గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవాన్ని పదోవంతు కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లార్చి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. తొందరపడి ఒక్కసారిగా గడ్డకట్టిస్తే కణం లోపల మంచు పలుకులు ఏర్పడి పొర చిరిగిపోతుంది. 50 తిమింగలాల నుంచి ఇలా తెస్తే పోయే వైవిధ్యం పాతిక నుంచి ఒక్క శాతానికి దిగుతుంది. ఆ గొట్టాలన్నీ ఒక చిన్న పీపాలో పడతాయి.

ఇది నిజంగా జరిగిన కాలప్రయాణం కూడా. 1988లో చనిపోయిన విల్లా అనే నల్లకాళ్ల ఫెర్రెట్ (ముంగిసలాంటి చిన్న జంతువు) దాచిన కణాల నుంచి, క్లోనింగ్ పద్ధతిలో, 2020 డిసెంబరు 10న ఎలిజబెత్ యాన్ అనే ఫెర్రెట్ పుట్టింది. అంతవరకు ఆ జాతి అంతా ఏడింటి సంతానమే. అయితే పిండాన్ని మోయడానికి తల్లి కావాలి. 23వ శతాబ్దంలో ఆ పనికి గ్రేసీ, ఆమె కూతుళ్లు తప్ప దిక్కులేదు.

ప్రశ్న: 1986లో హంప్‌బ్యాక్‌ల మీదికి వేట ఓడ రావడం చట్టబద్ధమేనా?

కాదు. వ్యాపార వేటపై 1982లో ఓటేసిన నిషేధం అమల్లోకి వచ్చింది 1986లోనే. హంప్‌బ్యాక్‌లకైతే ఉత్తర పసిఫిక్‌లో 1966 నుంచే రక్షణ ఉంది. దొంగవేట మాత్రం నిజం. సోవియట్ ఓడలు దక్షిణార్ధగోళంలో 48 వేలకు పైగా హంప్‌బ్యాక్‌లను చంపి మూడువేల లోపే లెక్క చూపిన సంగతి 1990లలో బయటపడింది.

ఉత్తర పసిఫిక్‌లో 1966 నాటికి దాదాపు 1,400 మిగిలితే, 2004-06 లెక్కింపులో 20 వేల దాకా తేలాయి. అమెరికా 2016లో ఈ జాతిని 14 సమూహాలుగా విడదీసి తొమ్మిదింటిని ప్రమాద జాబితా నుంచి తీసేసింది. జార్జ్, గ్రేసీలను చూపించిన కాలిఫోర్నియా తీరానికి మేతకు వచ్చేవాటిలో మధ్య అమెరికా, మెక్సికో సమూహాలు ఇంకా ఆ జాబితాలోనే ఉన్నాయి.