హొక్కైడో మంచుకు బయల్దేరేముందు

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

జనవరిలో జపాన్ ఉత్తర దీవి హొక్కైడో వెళ్తున్నావని, నాలుగు రోజులు గైడ్‌తో బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ (రిసార్టు హద్దు దాటి అడవి కొండల్లో స్కీయింగ్), ఆపైన రెండు రోజులు పల్లెటూరి ర్యోకాన్‌లో, అంటే జపాన్ సంప్రదాయ సత్రంలో, బస అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నెల బాగానే ఎంచుకున్నావు. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం మీదుగా వస్తూ తేమ పట్టుకొచ్చి, అక్కడి నిసెకో కొండలు అడ్డు తగలగానే మంచుగా దించేస్తుంది. ఎండ కనిపించే రోజులు తక్కువ కాబట్టి నల్ల అద్దాల గాగుల్స్ వదిలేసి, మబ్బు వెలుతురుకు పనికొచ్చే పసుపు లేదా గులాబీ లెన్స్ పట్టుకెళ్ళు. స్కీల వెడల్పు మధ్యభాగంలో 105 నుంచి 115 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఇంకా వెడల్పువి దిగేటప్పుడు హాయిగానే ఉంటాయి, ఎక్కేటప్పుడే కాళ్ళు లాగేస్తాయి.

అసలు పని ఎక్కడమే. స్కీల అడుగున స్కిన్‌లు (వెనక్కి జారకుండా పట్టునిచ్చే పట్టీలు) అతికించుకుని రోజుకు 800 నుంచి 1000 మీటర్ల ఎత్తు ఎక్కాల్సి రావచ్చు. గంటకు 300 మీటర్లు ఎక్కలేనివాడు ఒక్కడున్నా మిగతావాళ్ళు చలిలో నిలబడాలి, గైడ్ రెండో దిగుడు మానేస్తాడు. ఇప్పటి నుంచి 12 వారాలు, వారానికి మూడుసార్లు, 8 కిలోల బ్యాగ్ తగిలించుకుని మెట్లెక్కు. కిక్ టర్న్, అంటే ఎక్కుతూ ఒక్కో స్కీ ఎత్తి దిశ తిప్పుకోవడం, ముందే సాధన చెయ్యి. నిటారు వాలు మీద కొత్తవాళ్ళు జారిపోయేది అక్కడే.

నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త చలి వేస్తూ ఉండాలి. వెచ్చగా కప్పుకుని బయల్దేరితే పావుగంటలో చెమటతో లోపలి బట్ట తడుస్తుంది, పైకెళ్ళి ఆగగానే వణుకు పట్టుకుంటుంది. గాగుల్స్ నుదుటి మీద పెట్టుకుని ఎక్కకు, చెమట ఆవిరి లోపల గడ్డకడుతుంది. పైన స్కిన్‌లు తీయగానే మంచు అంటకుండా మడిచి జాకెట్ లోపల పెట్టుకో. జిగురు చల్లబడితే రెండోసారి అతకవు. అప్పటికీ ఊడితే కట్టుకోవడానికి జేబులో రెండు స్కీ స్ట్రాప్‌లు ఉండనీ.

గైడ్ ఉన్నాడు కదా అన్న ధీమా మాత్రం వద్దు. మంచుచరియ కింద పడింది గైడే అయితే వెతకాల్సిందీ తవ్వాల్సిందీ మీరే. ట్రాన్సీవర్ (మంచు కింద ఉన్నవాళ్ళ జాడ పట్టే రేడియో పరికరం) ఒంటికి, 240 సెంటీమీటర్లకు తగ్గని ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), లోహపు పార బ్యాగ్‌లో. కూరుకుపోయినవాళ్ళను మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ, ఆ తర్వాత ఊపిరాడక ఆ అవకాశం వేగంగా పడిపోతుంది. అందుకే వెళ్ళేలోపు మంచుచరియల గురించి నేర్పే అవలాంచ్ లెవెల్ 1 కోర్సు చెయ్యి. మూడు రోజులు పోతాయి, పోనీ. ఫోన్‌ను ట్రాన్సీవర్‌కు 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడైతే 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. బ్యాటరీతో వేడెక్కే గ్లోవ్స్ కూడా సిగ్నల్‌ను చెడగొడతాయి. ట్రాన్సీవర్‌లో తయారీదారు చెప్పిన రకం బ్యాటరీలే వెయ్యి.

అక్కడి అడవుల్లో ఇంకో గండం ఉంది. ఫర్ చెట్ల కింది కొమ్మల నీడలో మంచు గట్టిపడక చెట్టు మొదలు చుట్టూ గొయ్యి మిగులుతుంది. తలకిందులుగా పడితే మనంతట మనం బయటికి రావడం చాలా కష్టం. చెట్ల మధ్య దిగేటప్పుడు పోల్ పట్టీలు మణికట్టు నుంచి తీసెయ్యి, విజిల్ నోటికందేలా కట్టుకో, నీతో జోడీగా దిగేవాడు కంటికి కనిపిస్తూ ఉండాలి. సాసా అనే పొట్టి వెదురు మీద పేరుకున్న మంచు ఒక్కోసారి నేలదాకా మొత్తంగా జారుతుంది. వాలు మీద అడ్డంగా నోరు తెరిచిన పగులు కనిపిస్తే దాని కింద విశ్రాంతికని కూడా ఆగకూడదు. నిసెకోలో రిసార్టు దాటి వెళ్ళడానికి గేట్లున్నాయి. గేటు మూసి ఉంటే వెళ్ళకూడదు, హద్దుకు కట్టిన తాడు కింద నుంచి ఎప్పుడూ దూరకూడదు.

సాయంత్రం ఒన్‌సెన్‌కు, అంటే వేడినీటి బుగ్గ స్నానానికి, వెళ్తావు. స్విమ్‌సూట్ ఉండదు, సిగ్గు పడేది మొదటి ఐదు నిమిషాలే. చిన్న స్టూల్ మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి, చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. నీ భుజం మీది టాటూను చాలాచోట్ల ఒప్పుకోరు, ముందే అడుగు. రోజంతా ఎక్కి వచ్చాక ముందు అర లీటరు నీళ్ళు తాగు, లేకపోతే ఆ వేడికి కళ్ళు తిరుగుతాయి. యుకాతా (అక్కడిచ్చే నూలు అంగీ) ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకో, కుడి అంచు పైకి కట్టేది శవానికి. తతామి (గడ్డి చాప) మీదకు చెప్పులతో వెళ్ళకూడదు, టాయ్‌లెట్ చెప్పులు వేరు. భోజనం వాళ్ళు చెప్పిన టైముకే. మంచు బాగుందని ఆలస్యం చేస్తే వంటావిడకు అవమానం.

శాకాహారివని ఆఖర్లో చెబితే లాభం లేదు. మిసో సూప్‌లో కూడా సాధారణంగా ఎండుచేప నుంచి తీసిన దాషీ అనే రసం ఉంటుంది. ‘చేప దాషీ కూడా వద్దు’ అని బుకింగ్ నాడే జపనీస్‌లో రాయించి పంపు. కొండ మీదకు పుల్లటి ఉమెబోషి (ఊరబెట్టిన పండు) పెట్టిన ఒనిగిరి (అన్నం ముద్ద) పనికొస్తుంది, కానీ బయటి జేబులో పెడితే గడ్డకడుతుంది. ఆవకాయ సీసా తీసుకెళ్ళు గానీ అందరూ తినే హాల్లో మూత తియ్యకు.

ఇన్సూరెన్సులో రిసార్టు హద్దు బయటి స్కీయింగ్, కొండ మీద గాలింపు ఖర్చు అని విడిగా రాసి ఉందో చూడు. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు వాటిని మినహాయిస్తాయి. నీది ఇంకా ఇండియా పాస్‌పోర్టే కాబట్టి జపాన్ వీసా కావాలి, సియాటిల్‌కు తిరిగి రావడానికి హెచ్1బి స్టాంపు గడువు కూడా చూసుకో. అది అయిపోయి ఉంటే ముందు ఆ పని చూడు, టికెట్లు తర్వాత.

ఇట్లు,
మామయ్య