లేజర్ తాకిడికి అయస్కాంతత్వం ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: వేడి చేస్తే అయస్కాంతం బలం కోల్పోతుందని పాఠ్యపుస్తకాల్లోనే చదువుకున్నాం. మరి లేజర్ పల్సు తగిలి నికెల్ పొర అయస్కాంతత్వం తగ్గితే శాస్త్రవేత్తలు అంతగా ఆశ్చర్యపోవడం ఎందుకు?

జవాబు: వేడికి ఇందులో పాత్ర ఉందన్న మీ ఊహ సరైనదే. నికెల్ ఉష్ణోగ్రత సుమారు 355 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని అయస్కాంతత్వం పోతుంది. ఆశ్చర్యమంతా వేగం దగ్గరే మొదలయింది. 1996లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఎరిక్ బోర్‌పేర్, ఆయన సహచరులు సుమారు 20 నానోమీటర్ల మందం గల నికెల్ పొరపై 60 ఫెమ్టోసెకండ్ల పల్సును ప్రయోగించారు. సెకండును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకండు; అలాంటివి వెయ్యి కలిస్తే ఒక పికోసెకండు. ఎలక్ట్రాన్లను చిన్న అయస్కాంతాల్లా ఉంచే స్పిన్‌లకూ, పరమాణువుల క్రమమైన అమరిక అయిన జాలకానికీ మధ్య శక్తి మార్పిడి జరగడానికి పదుల నుంచి వందల పికోసెకండ్లు పడుతుందని అప్పటివరకు అనుకునేవారు. ఇక్కడ మాత్రం ఒకటి రెండు పికోసెకండ్లలోనే అయస్కాంతత్వం బాగా పడిపోయింది.

ఇంత స్వల్ప వ్యవధిని కొలిచే పద్ధతి గురించి కూడా చెప్పాలి. పల్సును రెండుగా చీలుస్తారు. బలమైన భాగం పొరను కదిలిస్తుంది. బలహీనమైనది కాస్త ఆలస్యంగా వచ్చి, ఆ క్షణానికి అయస్కాంతత్వం ఎంత మిగిలిందో చూసి వెళ్తుంది, ఎందుకంటే అయస్కాంత లోహంపై పరావర్తనం చెందిన కాంతి ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిశ) కొద్దిగా తిరుగుతుందని జాన్ కెర్ 1877లోనే గమనించాడు. ఆలస్యం కోసం అద్దాన్ని జరుపుతారు. అద్దం 15 మైక్రోమీటర్లు వెనక్కి వెళితే కాంతి పోనూ రానూ 30 మైక్రోమీటర్లు ఎక్కువ నడవాలి, అంటే 100 ఫెమ్టోసెకండ్ల ఆలస్యం. తలవెంట్రుక మందం కన్నా తక్కువ దూరం జరిపి కాలాన్ని కొలవడం ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అబ్బురంగానే ఉంటుంది.

అసలు చిక్కు దీని తర్వాతే వస్తుంది. అయస్కాంతత్వానికి ప్రధాన మూలం ఎలక్ట్రాన్ల స్పిన్. స్పిన్ అంటే ఒక రకమైన కోణీయ ద్రవ్యవేగం (తిరిగే వస్తువులకుండే భ్రమణ పరిమాణం), అది ఊరికే మాయం కాదు, ఒకచోట తగ్గితే మరోచోట చేరాలి. లేజర్ శక్తినైతే ఇచ్చింది, కానీ స్పిన్‌లు వదులుకున్న కోణీయ ద్రవ్యవేగాన్ని ఎవరు అందుకున్నారు? పొర పీల్చుకున్న ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, అందుకు చాలవు. వేడెక్కిన ఎలక్ట్రాన్లే స్పిన్‌ను మోసుకొని పక్క పొరలోకి వెళ్లిపోతాయని 2010లో ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించారు. జాలకమే దాన్ని తీసుకుంటుందని మరికొందరు వాదించారు. 2019లో ఇనుప పొరపై ఎక్స్‌రేలతో చేసిన ప్రయోగంలో, పోయిన దానిలో సుమారు 80 శాతం 200 ఫెమ్టోసెకండ్ల స్థాయిలోనే జాలకానికి చేరినట్లు తేలింది. రెండు దారులూ ఉన్నాయని, ఏది ఎంత అన్నది పొరల అమరికను బట్టి మారుతుందని నా అభిప్రాయం.

గడోలినియం, ఇనుము, కోబాల్ట్ కలిసిన మిశ్రమలోహపు పొరల్లో విషయం ఇంకా ముందుకు వెళ్లింది. 2007లో నెదర్లాండ్స్‌లోని నైమేగన్ పరిశోధకులు బయటి అయస్కాంత క్షేత్రం లేకుండా కాంతితోనే అయస్కాంత దిశను తిప్పారు. ఈ లోహంలో ఇనుము, గడోలినియం ఎదురెదురు దిశల్లో ఉంటాయి. ఇనుము సుమారు 300 ఫెమ్టోసెకండ్లలో బలహీనపడితే, గడోలినియానికి 1.5 పికోసెకండ్లు పడుతుంది. ఆ వ్యత్యాసం వల్ల కొద్దిసేపు రెండూ ఒకే దిక్కుకు తిరిగి, తర్వాత మొత్తం తలకిందులవుతుంది. ఇందుకు పల్సు ఇచ్చే వేడి ఒక్కటే చాలునని 2012లో తేలింది.

ప్రశ్న: లేజర్‌తో వేడి చేసి రాసే హార్డ్‌డిస్కులు ఇదే పద్ధతిలో పనిచేస్తాయా?

జవాబు: పనిచేయవు. అక్కడ లేజర్ ఒక చిన్న మచ్చను వేడి చేసి అయస్కాంత దిశ తేలిగ్గా మారేలా చేస్తుంది, అంతే. ఎటు తిరగాలో నిర్ణయించేది రాసే హెడ్ ఇచ్చే అయస్కాంత క్షేత్రం. అదంతా నానోసెకండ్ల (వేల పికోసెకండ్ల) స్థాయిలో జరిగే పని.